నాన్నగారు పోయిన అయిదో నెల: అమ్మకు కౌన్సెలింగ్ కావాలా, కావాలంటే ఎక్కడ, ఎలా

మీరు రాసిన సంగతి ముందు ఒకసారి కూడదీసుకుందాం. ఖమ్మం దగ్గర పల్లెలో మీ నాన్నగారు 61 ఏళ్ళకు గుండెపోటుతో పోయి అయిదు నెలలైంది. అమ్మగారికి 56, షుగర్ ఉంది. మధ్యాహ్నం అన్నం వేళకు ఇప్పటికీ రెండు కంచాలు పెడుతున్నారు. తెల్లవారుజామున ఆయన దగ్గు వినిపించింది అంటున్నారు. ఆయన కూలబడిన వసారాలోకి అడుగు పెట్టడం లేదు, పెరటి దారిన తిరిగి వస్తున్నారు. "ఆ రోజు గ్యాస్ అనుకున్నాను, గ్యాస్ మాత్ర ఇచ్చాను" అన్న మాట రోజూ వస్తోంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన నిద్రమాత్ర మూడు నెలలుగా వేసుకుంటున్నారు. చుట్టాలు "ఏడాది తిరిగితే అదే సర్దుకుంటుంది" అంటున్నారు. మీ తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, కర్మ వీడియోలో చూశాడు. కౌన్సెలింగ్‌కు తీసుకెళ్ళాలా, ఎక్కడికి, తీసుకెళ్తే అమ్మకు పిచ్చి అని ముద్ర వేస్తారా అని అడిగారు.

తీసుకెళ్ళండి. అయితే మీరు భయపడుతున్న కారణాలు వేరు, నేను తీసుకెళ్ళమనడానికి కారణాలు వేరు. రెండు కంచాలు, దగ్గు వినిపించడం నన్ను కంగారు పెట్టవు. వసారా, గ్యాస్ మాట, నిద్రమాత్ర, ఈ మూడూ కంగారు పెడుతున్నాయి.

దగ్గు సంగతి ముందు తేల్చేద్దాం. పోయినవాళ్ళు పక్కన ఉన్నట్టు అనిపించడం, గొంతు వినిపించడం, ఒక్క క్షణం గుమ్మంలో కనిపించడం భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ళలో చాలా మామూలు. వేల్స్‌లో డ్యూయీ రీస్ అనే డాక్టరు 293 మంది వితంతువులను, భార్యలు పోయినవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే దాదాపు సగం మంది తమకు అలా అనిపించిందన్నారు. 1971లో అది అచ్చయింది. అందులో ఎక్కువమంది ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. మీ అమ్మగారు మీకు చెప్పుకోగలుగుతున్నారు, అది మంచిదే. "అదంతా నీ భ్రమ" అని కొట్టేయకండి. "అప్పుడేమనిపించిందమ్మా?" అని అడిగి వినండి. ఆ గొంతు రమ్మని పిలుస్తోందనో, ఫలానా పని చేయమని చెబుతోందనో అంటే మాత్రం అది వేరే విషయం. అప్పుడు ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌కు చూపించాలి.

అన్నిటికంటే ముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి. "అమ్మా, నాన్న దగ్గరికి వెళ్ళిపోతే బాగుండు అనిపిస్తోందా?" అవునంటే రెండో ప్రశ్న: "ఏమైనా చేసుకోవాలని అనిపించిందా? ఎలా అని ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బరువు దిగుతుంది. భర్త పోయిన మనిషి "నన్ను కూడా తీసుకెళ్ళిపోతే పోయేది" అనడం ఎక్కువసార్లు ఎడబాటు బాధలోంచి వచ్చే మాటే. ఎలాగో, ఎప్పుడో కూడా అనుకుని ఉంటే, నగలు పంచేస్తుంటే, అప్పగింతల్లాగా మాట్లాడుతుంటే ఆ రోజు నుంచి ఒంటరిగా వదలకండి. మీది వ్యవసాయం ఉన్న ఇల్లు కాబట్టి ఇది ఇంకా గట్టిగా చెబుతున్నాను: జవాబు ఏదైనా సరే, పురుగుమందు డబ్బాలు, కలుపుమందు డబ్బాలు ఈ వారమే ఇంట్లోంచి తీయించండి. పొలం దగ్గర తాళం వేసిన కొట్టంలోనో, నమ్మకమైన పాలివాళ్ళ ఇంట్లోనో పెట్టించండి. నిద్రమాత్రల స్ట్రిప్పు మొత్తం అమ్మగారి చేతిలో ఉండకూడదు, ఏ రోజు మాత్ర ఆ రోజు ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే 108. మాట్లాడటానికి ఏ వేళయినా 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను.

రెండోది ఒళ్ళు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలతో, ఇన్సులిన్‌తో ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు పట్టే చెమట, వణుకు, గుండె దడను ఇంట్లోవాళ్ళు దిగులు అనుకుంటారు. కాబట్టి కౌన్సెలర్ కంటే ముందు షుగర్ డాక్టరుకు ఫోన్ చేసి "తిండి సగానికి పడిపోయింది, మాత్ర మోతాదు మార్చాలా?" అని అడగండి. ఛాతీ బరువు, ఆయాసం ఉంటే బాధవల్లే అని సర్దిచెప్పుకోవద్దు, ఈసీజీ తీయించండి. తీవ్రమైన దుఃఖంతో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు నిజంగానే ఉంది. టకోత్సుబో అంటారు, జపాన్‌లో 1990లో మొదట వర్ణించారు, నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎక్కువ. చూడ్డానికి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చేయించండి. థైరాయిడ్ తగ్గినా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడి బి12 తగ్గినా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. వాటిని మాటలతో తగ్గించలేం.

ఇక నిద్రమాత్ర. స్ట్రిప్పు మీద అల్ప్రజొలామ్ అనో క్లోనజెపామ్ అనో ఉందేమో చూడండి. మన ఊళ్ళలో చావు జరిగిన ఇంట మొదటి వారంలో రాసి, తర్వాత ఎవరూ ఆపమని చెప్పని మాత్రలు ఇవే. మొదటి నాలుగు రోజులు నిద్ర పట్టిస్తాయి నిజమే. దుఃఖాన్ని మాత్రం తగ్గించవు, మొద్దుబారుస్తాయి. పగలంతా మత్తు, మరుపు, ఈ వయసులో రాత్రి బాత్రూముకు లేచి పడిపోయే ప్రమాదం. మూడు నెలలు వేసుకున్నాక మీరు ఒక్కరోజులో ఆపించారో, నిద్ర పూర్తిగా పోయి, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అందుకని మీరుగా ఆపొద్దు, డోసు పెంచనూ వద్దు. కొన్ని వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించే లెక్క సైకియాట్రిస్ట్ గానీ ఎం.డి. ఫిజీషియన్ గానీ రాసివ్వాలి. అమ్మగారిని సైకియాట్రిస్ట్ దగ్గరికి ఒక్కసారైనా తీసుకెళ్ళడానికి ఈ ఒక్క కారణం చాలు.

"ఏడాది తిరిగితే సర్దుకుంటుంది" అన్న మాటలో సగం నిజం ఉంది. ఎక్కువమంది కౌన్సెలింగ్ లేకుండానే తేరుకుంటారు. చావు జరిగిన ప్రతి ఇంటికీ కౌన్సెలర్ అక్కర్లేదు, ఏ ఇబ్బందీ లేని మనిషిని లాక్కెళ్ళి కూర్చోబెడితే పెద్దగా ఒరిగేదీ లేదు. ఏడుపు ఎంత ఉందన్నది కూడా కొలబద్ద కాదు. రోజూ ఏడుస్తూనే పాలు పోయించుకుని, పక్కింటావిడతో రెండు మాటలు ఆడి, మనవరాలి ఫోన్‌కు ఒకసారైనా నవ్వే మనిషి నడుస్తున్నట్టే. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది: దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతూ ఉంటాడు, కాసేపు పోయినవారి వైపు, కాసేపు బతకాల్సిన పనుల వైపు. తిరుగుతున్నంతసేపు ఫరవాలేదు. ఒకే ఒడ్డున దిగబడిపోతే సాయం కావాలి. వసారాకు దూరంగా తిరగడం, గ్యాస్ మాత్ర దగ్గరే మనసు ఆగిపోవడం ఆ దిగబడటానికి గుర్తులు. తెలంగాణలో దీన్నే "మనాది పట్టుకుంది" అంటారు, కోస్తాలో "బెంగ పెట్టుకుంది" అంటారు. ఆ మాటల్లోనే తేడా తెలిసిపోతుంది: దుఃఖం వచ్చి పోతుంటుంది, మనాది పట్టుకుని వదలదు.

ఈ వదలని దుఃఖానికి ఇప్పుడు వైద్యంలో పేరుంది, దీర్ఘకాలిక శోక రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ప్రకారం కనీసం 6 నెలలు దాటాలి, ఆ కుటుంబం, ఆ మతాచారం సహజంగా ఒప్పుకునే కాలాన్ని కూడా దాటాలి. అమెరికా సైకియాట్రిస్టులు 2022లో పెట్టుకున్న లెక్కలో పెద్దలకు 12 నెలలు, పిల్లలకు 6. మీ అమ్మగారికి అయిదో నెల. ఆ పేరు పెట్టే సమయం కాదు, ఎవరైనా మొదటి రోజే పెడితే తొందరపడుతున్నారని అర్థం. సాయం తీసుకోవడానికి మాత్రం ఆ గడువు దాటేదాకా ఆగనక్కర్లేదు.

ఎవరి దగ్గరికి? మన దేశంలో "కౌన్సెలర్" అని బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు, చిక్కంతా అక్కడే. సైకియాట్రిస్ట్ అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత ఎం.డి. సైకియాట్రీ గానీ డి.పి.ఎం. అనే డిప్లొమా గానీ చేసిన డాక్టరు, మందులు రాసేది వీరే. క్లినికల్ సైకాలజిస్ట్ సాధారణంగా ఎం.ఫిల్. చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారు. నమోదు నంబరు అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇంటి పరిస్థితులు, బంధువులు, పింఛన్ లాంటివి కూడా కలిపి చూస్తారు, పల్లె కుటుంబాలకు ఒక్కోసారి వీరే ఎక్కువ అక్కరకొస్తారు. ఎం.ఏ., ఎం.ఎస్సీ. సైకాలజీ చేసి కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవాళ్ళలో దుఃఖం మీద చక్కగా పనిచేసేవాళ్ళున్నారు, కాకపోతే అడిగి తెలుసుకోవాలి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్, హిప్నాటిజం, పూర్వజన్మ చికిత్స, ఒక్క సిట్టింగ్‌లో బాధ మాయం, ఇలాంటి బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి.

మొదటి అడుగు ఫోన్‌తో వేయొచ్చు. 14416 టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రింబవళ్ళు ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తగలకపోతే 1800 891 4416. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కు కలుపుతారు, దగ్గరలో ఏ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలో చెబుతారు. అమ్మగారి తరఫున మీరే చేయవచ్చు, నా సలహా అదే: మొదటి కాల్ మీరు చేయండి. ఫోన్ పక్కన కాగితం పెట్టుకోండి. పోయిన తేదీ, ఎలా పోయారు, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎంత, వేసుకునే మందుల పేర్లు, చచ్చిపోవాలన్న మాట వచ్చిందా, ఇవి వరుసగా చెబితే పది నిమిషాల్లో దారి తేలుతుంది. ఒకే కాల్‌తో అంతా అయిపోదు. మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలో, అదే మనిషి దొరుకుతారా లేదా అడగండి.

మనిషిని చూపించడానికి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో ముందు కనుక్కోండి. పెద్ద స్థాయిలో అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, ఆంధ్ర వైపువాళ్ళకు విశాఖ చిన్న వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. "ఎర్రగడ్డ" అనగానే మన జనం ఏమనుకుంటారో తెలిసిందే, కాబట్టి అమ్మగారి మొదటి ప్రయాణం అక్కడికి వద్దు. దగ్గరి జనరల్ ఆసుపత్రిలో షుగర్ ఓపీ, ఈ ఓపీ ఒకే గేటులో ఉంటాయి, వెళ్ళడం తేలిక. ప్రభుత్వ ఓపీలో జనం ఎక్కువ, డాక్టరుకు మీకు దక్కే సమయం తక్కువ. అక్కడ దుఃఖమంతా చెప్పుకోవాలని ఆశపడితే నిరాశే. డాక్టరుతో రెండే అడగండి: నిద్రమాత్ర ఎలా తగ్గించాలి, సైకాలజిస్ట్‌తో విడిగా సమయం ఏ రోజు ఇస్తారు.

ప్రైవేటులో ఫీజు ఊరిని బట్టి, మనిషిని బట్టి చాలా మారుతుంది. అపాయింట్‌మెంట్ పుస్తకంలో పేరు రాయించకముందే ఫోన్లో అడగండి: భర్త పోయినవాళ్ళతో పనిచేసిన అనుభవం ఉందా, ఏ పద్ధతిలో చేస్తారు, తెలుగులోనే మాట్లాడతారా, ఒక్కో సెషన్ ఎన్ని నిమిషాలు, ఎంత, సుమారు ఎన్నిసార్లు రావాలి, మధ్యలో చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. సెషన్ అంటే సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు, వారానికి ఒకసారి. పదో పన్నెండో సెషన్ల డబ్బు ముందే కట్టమంటే కట్టొద్దు. భాష సంగతి చిన్నదిగా చూడకండి. నాన్నగారిని "మీ హస్బెండ్" అని అడిగే మనిషి దగ్గర నోరు విప్పని ఆవిడ, "మీ ఇంటాయన ఏం పని చేసేవారమ్మా?" అని అడిగితే గంటసేపు చెబుతుంది.

అమ్మగారికి ఎలా చెప్పాలి? అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి. "బీపీ చూపిద్దాం" అని తీసుకెళ్ళి సైకియాట్రిస్ట్ ముందు కూర్చోబెడితే ఆ ఒక్కరోజుకే కాదు, ఇంకెప్పుడూ ఆ గడప తొక్కరు. నిజమే చెప్పండి, ఆవిడ ఒప్పుకునే వైపు నుంచి మొదలుపెట్టి. "అమ్మా, నీకు నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు. నాన్న మాట ఎత్తితే మేమందరం ఏడ్చి ఊరుకుంటున్నాం, నీ మనసులో మాట వినేవాళ్ళు లేకుండా పోయారు. దీని గురించి చదువుకున్నావిడ ఒకరున్నారు, ఒక్కసారి వెళ్ళి మాట్లాడదాం. నీకు నచ్చకపోతే రెండోసారి అడగను." ఆ చివరి మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. పిచ్చి ముద్ర భయం ఆవిడే ఎత్తితే "పిచ్చని కాదమ్మా, బరువు దించుకోవడానికి" అనండి. మీరుగా ఎత్తకండి.

పిచ్చి ముద్ర వేస్తారా అని అడిగారు కాబట్టి చట్టం సంగతి కూడా: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 23వ సెక్షన్ ప్రకారం అక్కడ మాట్లాడింది బయటపెట్టకూడదు, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు మినహా. అదే చట్టం మూడో సెక్షన్, ఒకరికి మానసిక జబ్బు ఉన్నట్టు తేలినా, కోర్టు ప్రకటిస్తే తప్ప మతిస్థిమితం లేనట్టు కాదంటుంది. కౌన్సెలింగ్‌కు వెళ్ళినంత మాత్రాన రేపు పొలం కాగితాల మీద ఆవిడ సంతకం చెల్లకుండా పోదు. బంధువుల్లో ఎవరైనా ఆ మాట అంటే ఇదే చెప్పండి.

మొదటి సెషన్‌లో మీరు పది నిమిషాలు కూర్చుని, వివరాలు చెప్పి, బయటికి వచ్చేయండి. బయటికి వచ్చాక "ఏమన్నారు, ఏం చెప్పావు" అని అడగొద్దు, దారిలో టీ తాగించి ఇంటికి తీసుకురండి. మొదటి రెండు మూడు సెషన్ల తర్వాత ఏడుపు పెరగొచ్చు. ఇన్నాళ్ళు అదిమిపెట్టింది కదిలింది కాబట్టి పెరుగుతుంది. ఎక్కువ కుటుంబాలు సరిగ్గా ఇక్కడే "ఇంకా ఎక్కువైంది, వద్దులే" అని మానిపిస్తాయి. కనీసం నాలుగు సెషన్లు అయ్యేదాకా తీర్పు చెప్పకండి. అయితే ఏడుపు పెరగడం వేరు, తిండి నీళ్ళు మానేయడం, చావు మాటలు పెరగడం వేరు. రెండోది కనిపిస్తే ఆ రోజే కౌన్సెలర్‌కు ఫోన్ చేయాలి.

మంచి మనిషి దొరికితే లోపల జరిగే పని ఇలా ఉంటుంది. దుఃఖం పట్టుకుని వదలనివాళ్ళ కోసం కొలంబియా యూనివర్సిటీలో క్యాథరీన్ షియర్ రూపొందించిన పద్ధతి 16 సెషన్లది. ఏ రోజు బాధ ఎంత ఉందో, దేనితో పెరిగిందో, దేనితో కాస్త తగ్గిందో మొదటి వారం నుంచే రోజూ రాయిస్తారు. అమ్మగారు రాయకపోతే సాయంత్రం మీకు ఫోన్లో చెప్పొచ్చు, మీరు రాసుకోండి. మూడో సెషన్‌కు దగ్గరి మనిషిని ఒకరిని పిలుస్తారు, ఇంట్లో ఎలా ఆసరా ఇవ్వాలో చెప్పడానికి. నాలుగో సెషన్ నుంచి ఆ చావు కబురు తెలిసిన ఘడియను కళ్ళు మూసుకుని చెప్పిస్తారు, ఒకసారి కాదు, వారం వారం. అది రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ గ్యాస్ మాత్ర ముడి విప్పేది అదే. మొదటిసారి ఆ కథలో మాత్ర ఒక్కటే ఉంటుంది. నాలుగోసారికి నాన్నగారే "గ్యాస్‌లే, పడుకుంటే పోతుంది" అన్న మాట కూడా గుర్తొస్తుంది. ఆ క్షణాన ఆవిడకు తెలిసింది ఎంత, తర్వాత తెలిసింది ఎంత అన్నది విడిపోతుంది. "నీ తప్పేం లేదు" అని మీరు వందసార్లు చెప్పినా ఆ పని జరగదు, ఎందుకంటే ఆ మాట వినగానే ఆవిడ నోరు మూతపడుతుంది. ఈ ముడి కోసం ఇంకో పని కూడా చేయొచ్చు: ఆ రోజు చూసిన డాక్టరు దగ్గర పది నిమిషాలు అడిగి తీసుకుని, అమ్మగారి ప్రశ్నలు అమ్మగారినే అడగనివ్వండి. డాక్టరు దగ్గర్నుంచి వచ్చే జవాబుకు ఉండే బరువు కొడుకు మాటకు ఉండదు.

వసారా లాంటి వాటికి మెట్ల పద్ధతి వాడతారు. భయపెట్టే వాటన్నిటికీ నూటికి ఎంత భయమో అంకె వేయించి, తక్కువదాని నుంచి మొదలుపెడతారు. ఆయన కండువా మడత పెట్టడం 30 అనుకోండి, గుమ్మంలో నిలబడి వసారా వైపు చూడటం 50, అక్కడ కుర్చీ వేసుకుని అయిదు నిమిషాలు కూర్చోవడం 90. ఒక్కో మెట్టు మీద బాధ కొంచెం సద్దుమణిగేదాకా రోజూ. మీరు మంచి ఉద్దేశంతో వసారా కడిగించి, రంగు వేయించి, ఆయన కుర్చీ తీసేస్తే ఈ పని చెడుతుంది. ఆయన బట్టలు ఎవరికిచ్చేయాలో, ఎప్పుడివ్వాలో ఆవిడే చెప్పాలి. ఇవన్నీ శిక్షణ ఉన్నవాళ్ళు చేయాల్సినవి, ఇంట్లో మీరు సొంతంగా మొదలుపెట్టకండి.

మందుల మాట: బాధతో పాటు డిప్రెషన్ కూడా ఉంటే డాక్టరు మరో రకం మందు రాయొచ్చు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నిద్రమాత్రలాంటి అలవాటు కాదు. 2016లో షియర్ బృందం అచ్చువేసిన ప్రయోగంలో సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు కలిపినందువల్ల దుఃఖం అదనంగా తగ్గలేదు, మాటల చికిత్సతో పాటు ఇచ్చినప్పుడు డిప్రెషన్ లక్షణాలు మాత్రం తగ్గాయి. మందు ఒక్కటే రాసి పంపేస్తే పని సగంలో ఆగినట్టు.

కౌన్సెలర్‌ను మార్చాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. "మర్చిపోండి, ముందుకు సాగండి" అనడం, తన మతం బోధించడం, ఆవిడ చెప్పింది మీకు ఫోన్ చేసి చెప్పేయడం, అయిదు దశల చార్టు చూపించి "మీరింకా మూడో దశలోనే ఉన్నారు" అనడం. ఆ అయిదు దశలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పినవి, మరణశయ్య మీద ఉన్న రోగులతో మాట్లాడి. బతికున్నవాళ్ళు వరుసగా ఎక్కాల్సిన మెట్లు కావవి.

కౌన్సెలింగ్ చేయలేని పని కూడా ఒకటుంది, అది ఇంట్లోవాళ్ళదే. పదో రోజు గాజులు, బొట్టు తీయించిన దగ్గర్నుంచి ఆవిడను పేరంటానికి పిలవరు, పెళ్ళి పనుల్లో ముందుకు రానివ్వరు, పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు. భర్తతో పాటు ఊళ్ళో తన చోటు కూడా పోయిన మనిషిని వారానికి గంట మాటలతో నిలబెట్టలేం. బొట్టు పెట్టుకోవాలా వద్దా ఆవిడ ఇష్టానికి వదిలి, పెట్టుకుంటే మీరిద్దరన్నదమ్ములు అందరి ఎదుటా ఆవిడ వెనక నిలబడండి. మీ ఇంట్లో జరిగే మొదటి శుభకార్యంలో ఆవిడను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఇది నా గట్టి అభిప్రాయం, దీనికి ఏ చికిత్సా సాటిరాదు. అలాగని మన ఆచారాలన్నీ అడ్డమని కాదు. చుట్టాలు నిద్రకు తీసుకెళ్ళడం, నెలనెలా మాసికం, క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక, ఇవన్నీ దుఃఖానికి ఒక తేదీ, ఒక చోటు, నలుగురు మనుషుల్ని ఇస్తాయి. ముస్లిం కుటుంబాల్లో భర్త పోయాక పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, ఆ వ్యవధిలో ఇల్లు కదలని ఆవిడకు ఫోన్ కౌన్సెలింగ్ సరిపోతుంది.

రోజువారీగా: మూడు పూటలు నిండుగా పెట్టాలని పోరకండి, మూడు గంటలకోసారి రెండు ఇడ్లీలో, గ్లాసు జావో. నిద్ర ఎప్పుడు పట్టినా లేచే వేళ ఒకటే. పొద్దుటి ఎండలో అరగంట నడక, తోడు మనిషితో. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వొద్దు. రెండో కంచం అలాగే ఉండనివ్వండి, ఆవిడ తీసినప్పుడు తీస్తారు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే "తాతయ్య ఊరెళ్ళారు", "నిద్రపోయారు" అనకండి. ఊరెళ్ళిన మనిషి కోసం ఎదురుచూస్తారు, నిద్రంటే భయపడతారు. "చనిపోయారు, ఇక రారు" అని చెప్పి, వాళ్ళ ప్రశ్నలకు వాళ్ళ వయసుకు తగినట్టు జవాబివ్వండి.

మీ తమ్ముడి కోపం గురించి రెండు ముక్కలు రాశారు. కట్టె మోయని కొడుకు కోపం అది, ఫోన్లో మీ మీద పడుతోంది. అతనికి అక్కడ చాలా కంపెనీల్లో ఉద్యోగులకు కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సెషన్లుంటాయి, హెచ్.ఆర్.ను అడిగితే చెబుతారు. చచ్చిపోవాలనిపించేంత అయితే అక్కడ నంబరు 988. సంవత్సరీకానికి రాగలిగితే టికెట్ ఇప్పుడే తీయమనండి, ఆ క్రతువులో అతని చేత్తో జరగాల్సిన పని ఒకటి పురోహితుణ్ణి అడిగి అతనికే ఉంచండి. మీ సంగతి మీరు ఒక్క మాటా రాయలేదు. తండ్రి పోయింది మీకు కూడా. అదే 14416కు మీ కోసం ఇంకో కాల్ చేయండి.

సంవత్సరీకం దగ్గరపడే నెలలో బాధ మళ్ళీ మొదటి రోజుల్లాగా ఎగసిపడుతుంది, మధ్యలో వచ్చే సంక్రాంతికి, వాళ్ళ పెళ్ళిరోజుకు కూడా. చేసిందంతా వృథా అయిందనుకోవద్దు. ఆ తేదీలు మొదటి సెషన్‌లోనే కౌన్సెలర్‌కు రాసిచ్చి, చివరి సెషన్ సంవత్సరీకం అయిన రెండు మూడు వారాలకు పడేలా చూడమని అడగండి.